చెంబు, కాగితం, మధ్యలో మా అమ్మ

ముందుగా ఒక హెచ్చరిక. డెస్కు దగ్గర లంచ్ బాక్స్ విప్పుకుని చదివే అలవాటున్నవాళ్ళు దీన్ని కాసేపు పక్కన పెట్టండి. భోంచేసి, చేతులు కడుక్కుని తీరిగ్గా చదవండి. విషయం టాయిలెట్ పేపర్. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, దానివల్ల వచ్చే దురద, మంట, అలర్జీ, వాటి వెనకున్న చరిత్ర.

"వీడికి రాయడానికి ఇంతకంటే మంచి విషయం దొరకలేదా" అని మీరనుకోవచ్చు. నేనూ పదేళ్ళకు పైగా అలాగే అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు వాళ్ళ అమ్మానాన్నల్ని మొదటిసారి అమెరికా తీసుకొస్తున్నానని చెప్పి, "అన్నా, ఇంట్లో ఏమేం సిద్ధం చేసి పెట్టాలి?" అని ఫోన్ చేశాడు. విజిటర్స్ ఇన్సూరెన్స్, బీపీ మాత్రలు, తెలుగు చానెళ్ళు, చలికి స్వెట్టర్లు అంటూ పెద్ద లిస్టు చదివాను. అసలు చెప్పాల్సింది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సిగ్గేసింది. ఫోన్ పెట్టేశాక నామీద నాకే కోపమొచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఆ సిగ్గు వల్లే మా అమ్మ రెండున్నర నెలలు నరకం చూసింది.

2014 వేసవి సంగతి. నాన్న పోయిన ఏడాదికి అమ్మ మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. అప్పుడు మేం న్యూజెర్సీలో ఓ అపార్టుమెంటులో, రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. వచ్చిన మర్నాడే "ఏరా, బాత్రూములో చెంబు లేదేంటి?" అంది. నేను నవ్వి, "ఇక్కడ చెంబులూ అవీ ఉండవమ్మా. నేల మీద నీళ్ళు పోవడానికి తూము ఉండదు. నీళ్ళు పడితే కిందవాళ్ళ సీలింగులోంచి కారుతుంది, మనమీదికి గొడవకొస్తారు" అని క్లాసు పీకాను. పొడి కాగితం ఆవిడ వల్ల కాదని నాకూ తెలుసు. అందుకని పెద్ద తెలివైనవాడిలా షాపుకెళ్ళి తడి వైప్స్ డబ్బా పెద్దది తెచ్చిచ్చాను. "ఇవి తడిగానే ఉంటాయి, కడుక్కున్నట్టే" అన్నాను. డబ్బా మీద కలబంద బొమ్మ, సున్నితమైన చర్మానికి మంచిదని ఓ ముక్క. అమ్మ ఇంకేమీ అనలేదు.

నెల తిరిగేసరికి అమ్మలో మార్పు కనిపించింది. సాయంత్రం వాకింగ్ మానేసింది. కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చునేది. అడిగితే "వేడి చేసిందిరా" అనేది. మనవాళ్ళకి ఒంట్లో ఏమొచ్చినా మొదటి డయాగ్నోసిస్ అదే కదా. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ అన్నీ అయ్యాయి. ఏమీ తగ్గలేదు. చివరికి ఒకరోజు నా భార్యని పక్కకి పిలిచి, "అమ్మాయ్, వాడికి చెప్పకు" అని అసలు సంగతి చెప్పింది. అప్పటికే చర్మం ఎర్రగా కందిపోయి, పగిలి, రసి కారుతోంది. రాత్రిళ్ళు దురదతో నిద్ర లేదు. మంట పుట్టినప్పుడల్లా చల్లగా ఉంటుందని ఇంకో రెండు వైప్స్ వాడేది.

ఫ్యామిలీ డాక్టరు ఫంగస్ అన్నారు, క్రీము రాశారు. రెండు వారాలు వాడినా తగ్గలేదు. ఆ తర్వాత చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. విజిటర్స్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చిందెంత, మా జేబులోంచి పోయిందెంత అన్నది ఇంకో కథ, అది వదిలేద్దాం. ఆవిడ వేసిన మొదటి ప్రశ్న, "మూడు నెలల్లో కొత్తగా ఏం వాడటం మొదలుపెట్టారు?" అని. ప్రొడక్షన్లో ఏదైనా పగిలితే మనం మొదట అడిగే ప్రశ్న ఇదే. నిన్నటిదాకా పనిచేసింది, ఈరోజు పనిచేయట్లేదు, మధ్యలో ఏం మారింది? వీపు మీద ప్యాచ్ టెస్ట్ పెట్టారు. ఒక్క పదార్థం దగ్గర అట్టు కాల్చినట్టు ఎర్రగా పొంగింది. దాని పేరు మిథైల్ ఐసోథయజోలినోన్. ఆ వైప్స్ డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఆ పేరుంది.

ఆ రాత్రి నుంచి నేను చదువుతూ వచ్చిన సంగతులే ఇక్కడ పెడుతున్నాను. అంతా చదివాక నాకర్థమైంది ఒకటే. ప్రతి కాలంలోనూ పాత మంటకి మందు అంటూ ఎవరో ఒకరు కొత్త వస్తువు తెస్తారు. కొన్నేళ్ళకి ఆ మందే కొత్త మంట పుట్టిస్తుంది. బాధపడేవాళ్ళు సిగ్గుతో నోరు మెదపరు కాబట్టి అది బయటపడేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

సరే, మొదట్నుంచీ వద్దాం.

కాగితం లేని రోజుల్లో గ్రీకులు వాడింది రాళ్ళు. నున్నటి గులకరాళ్ళు, లేదా పగిలిన కుండపెంకుల అంచులు అరగదీసినవి. మూడు రాళ్ళు చాలు అని వాళ్ళలో ఓ సామెత కూడా ఉండేది. ఫ్రాన్సుకి చెందిన ఫిలిప్ షార్లియే, ఆయన సహచరులు 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో దీనిమీద ఓ వ్యాసం రాశారు. ఆ పెంకుల గరుకుదనం వల్ల చర్మం ఒరుసుకుపోవడం, మంట, మొలలు ముదరడం లాంటివి జరిగి ఉండొచ్చని వాళ్ళ అభిప్రాయం. గ్రీకులు ఊరినుంచి ఎవర్ని వెలివేయాలో ఓటేసేటప్పుడు పేర్లు రాసిన పెంకుల్ని కూడా దీనికి వాడి ఉండొచ్చని ఆ వ్యాసంలో ఉంది. గిట్టనివాడి పేరుని అలా ఉపయోగించడంలో ఉన్న ఆనందం ముందు మన ఆఫీసు రాజకీయాలు ఏపాటి!

రోమన్ల దగ్గరికొస్తే కర్రకి కట్టిన సముద్రపు స్పాంజి. పబ్లిక్ మరుగుదొడ్లలో ఒకే స్పాంజిని కడిగి అందరూ వాడేవారని చాలా చోట్ల రాస్తారు. అది ఒంటికి వాడేదా లేక దొడ్డి కడిగే బ్రష్షా అని ఈమధ్య పండితులు వాదించుకుంటున్నారు. సెనెకా తన ఉత్తరాల్లో ఒకదాంట్లో మాత్రం, ఓ జర్మన్ గ్లాడియేటర్ బరిలోకి దిగడం ఇష్టంలేక ఆ స్పాంజి కర్రనే గొంతులో దోపుకుని ప్రాణం తీసుకున్నాడని రాశాడు.

చైనాలో కాగితానికి ముందు వెదురు పుల్లలుండేవి, కొసకి గుడ్డ చుట్టి. డున్‌హువాంగ్ దగ్గర సిల్క్ రూటు మీద జువాన్‌చువాన్‌జీ అనే పాత మజిలీ ఒకటుంది. అక్కడి మరుగుదొడ్డిలో 2000 ఏళ్ళనాటి పుల్లలు దొరికాయి. వాటికి అంటుకున్న మలాన్ని పరీక్షిస్తే కాలేయంలో చేరే ఒక పురుగు గుడ్లు కనిపించాయని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించారు. ఆ పురుగు ఆ ఎడారి ప్రాంతంలో బతకదు, తడినేలల్లోనే ఉంటుంది. అంటే ఎవరో చాలా దూరం నుంచి కడుపులో పెట్టుకుని వచ్చారన్నమాట. సిల్క్ రూటు మీద సరుకులే కాదు, రోగాలూ ప్రయాణించాయని దొడ్డి పుల్ల సాక్ష్యం చెప్పింది.

కాగితం కనిపెట్టిందీ, దాన్ని ఈ పనికి మొదట వాడిందీ కూడా చైనా వాళ్ళే. 6వ శతాబ్దంలో యన్ జిట్వీ అనే అధికారి తన ఇంటివాళ్ళకోసం ఓ నీతి పుస్తకం రాశాడు. శాస్త్రగ్రంథాల వాక్యాలు, మహానుభావుల పేర్లు ఉన్న కాగితాన్ని తాను దొడ్డికి వాడే సాహసం చేయనని అందులో చెప్పుకున్నాడు. కాలికి కాగితం తగిలితే కళ్ళకద్దుకునే మనకి ఆయన బాధ ఇట్టే అర్థమవుతుంది. 851 నాటి ఓ అరబ్బు గ్రంథం, చైనా, భారతదేశాల విశేషాలు చెప్పేది, చైనావాళ్ళు నీళ్ళతో కడుక్కోరు, కాగితంతో తుడుచుకుంటారు అని ఆశ్చర్యపోయింది. అంటే నీళ్ళవాళ్ళు కాగితంవాళ్ళని చూసి ముక్కు మీద వేలేసుకోవడం కూడా దాదాపు 1200 ఏళ్ళ పాత అలవాటే. 1393లో మింగ్ చక్రవర్తి కొలువుకి 7,20,000 కాగితాలు తయారుచేశారట. రాజకుటుంబానికి విడిగా 15,000. అవి మెత్తగా ఉండాలి, సువాసన వేయాలి. అదిగో, మెత్తదనం, సెంటు అప్పుడే వచ్చేశాయి. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

యూరప్‌లో చాలాకాలం ఎవరికి దొరికింది వాళ్ళు వాడారు. ఆకులు, గడ్డి, నాచు, పాతగుడ్డలు. ఫ్రెంచి రచయిత రాబెలే 1534లో రాసిన గార్గాంటువా కథలో కథానాయకుడు కనబడిన ప్రతిదాన్నీ ప్రయోగించి చూస్తాడు. బంగారు అల్లికలు గీరుకుంటాయి, పిల్లి గోళ్ళతో రక్కుతుంది. చివరికి బాతు మెడ సుఖమని తేలుస్తాడు. అది నవ్వుకోడానికి రాసిందే. కానీ 500 ఏళ్ళ క్రితమే ఈ సమస్య అంతా చర్మానిదేనని ఆయనకి తెలుసు.

అచ్చు యంత్రం వచ్చాక చిత్తుకాగితం చవకైపోయింది. అమెరికాలో న్యూస్ పేపర్లు, సియర్స్ కేటలాగు, ఓల్డ్ ఫార్మర్స్ అల్మనాక్ అనే పంచాంగం మేకుకి వేలాడేవి. ఆ పంచాంగానికి మూలన చిల్లు పెట్టి మరీ అమ్మేవాళ్ళు, తగిలించుకోడానికి వీలుగా. చదవడం అయ్యాక చించడమే.

ఇప్పుడు వస్తాడు మన అసలు కథానాయకుడు. జోసెఫ్ గయెటీ, న్యూయార్క్, 1857. అమెరికాలో మొదటిసారి ప్రత్యేకంగా టాయిలెట్ కోసమే ప్యాకెట్లలో పెట్టి కాగితం అమ్మినవాడు. మనీలా నారతో చేసిన కాగితం, దాంట్లో కలబంద. 500 కాగితాలు 50 సెంట్లు. ప్రతి కాగితం మీద ఆయన పేరు వాటర్‌మార్కు! ఆయన దీన్ని శుభ్రత కోసమని అమ్మలేదు, మందు అని అమ్మాడు. అచ్చు సిరా విషం, అది ఒంటికి తగిలితే మొలలొస్తాయి, ఉత్త తెల్లకాగితంలో కూడా తయారీకి వాడిన రసాయనాలుంటాయి, నాదే సురక్షితం అని ప్రకటనలు వేశాడు. అప్పటి వైద్య పత్రికలు కొన్ని ఎగతాళి చేశాయి. సిరా వల్ల మొలలు రావు, నిజమే. కానీ కాగితంలో ఉన్న రసాయనం చర్మానికి పడకపోవచ్చు అన్న మాటలో సగం నిజముంది. అది రుజువయ్యేసరికి వందేళ్ళు దాటింది.

1871లో సెత్ వీలర్ అనే ఆయన చిల్లుల వరస మీద చింపుకునే చుట్టకాగితానికి పేటెంటు తీసుకున్నాడు. 1891లో టాయిలెట్ రోలుకి తీసుకున్న పేటెంటు బొమ్మలో కాగితం చుట్ట పైనుంచి ముందుకి జారుతుంది. "పైనుంచా, కిందనుంచా" అని ఇళ్ళల్లో కొట్టుకునేవాళ్ళు ఈ ముక్క వాడుకోండి. 1879లో ఫిలడెల్ఫియాలో స్కాట్ అన్నదమ్ములు కంపెనీ పెట్టారు. కానీ వాళ్ళు మొదట్లో రోళ్ళ మీద తమ పేరు వేసుకోలేదు, కొన్న వ్యాపారుల పేర్లతో అమ్మారు. అమ్మేవాడికే సిగ్గు, ఇక కొనేవాడు దురదేస్తోందని షాపులో ఎలా చెబుతాడు?

అప్పటి కాగితం ఎలా ఉండేదో తెలియాలంటే ఒక ప్రకటన చాలు. 1935లో నార్దర్న్ అనే కంపెనీ తన కాగితంలో చెక్క పుడకలుండవు అని గొప్పగా చెప్పుకుంది. అంటే అంతవరకూ ఉండేవనే కదా! చెక్కని సరిగ్గా ఉడికించి గుజ్జు చేయకపోతే సన్నటి పేళ్ళు మిగిలిపోయేవి. ఇక 1930లలో స్కాట్ కంపెనీ ఏకంగా భయపెట్టే దారి పట్టింది. ఆపరేషన్ బల్ల చుట్టూ మాస్కులు కట్టుకున్న సర్జన్ల బొమ్మ, ఈ కష్టమంతా గరుకు టాయిలెట్ కాగితంతోనే మొదలైందన్న అర్థం వచ్చే మాట. మొన్నటిదాకా పేరు వేసుకోడానికి సిగ్గుపడినవాళ్ళు, ఇప్పుడు జనం సిగ్గునీ భయాన్నీ అమ్ముకున్నారు.

ఇంగ్లండు కథ ఇంకో రకం. షెఫీల్డ్ దగ్గర ఓ బొగ్గు, ఇనుము కంపెనీ తయారుచేసిన క్రిమిసంహారిణి పేరు ఐజాల్. దాన్ని కాగితానికి పట్టించి ఐజాల్ మెడికేటెడ్ అని అమ్మారు. ఒకవైపు నున్నగా, ట్రేసింగ్ పేపర్‌లా గరగరలాడుతూ ఉండేది. స్కూళ్ళలో, ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు అదే. ఆ తరం ఇంగ్లీషువాళ్ళని అడిగితే ఇప్పటికీ దాన్ని తల్చుకుని ముఖం అదోలా పెడతారు. సర్కారు ఆఫీసుల్లో వాడే కాగితాల మీద ప్రభుత్వ ఆస్తి అని అచ్చేసి ఉండేదట. ఎత్తుకుపోయేంత గొప్ప వస్తువేం కాదు మరి! క్రిముల్ని చంపడం మంచిదే. కానీ ఒరుసుకుపోయిన చర్మం మీద క్రిమిసంహారిణి రాస్తే ఏమవుతుందో గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకుని లోషన్ రాసుకున్న ప్రతి మగాడికీ తెలుసు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో మెత్తదనం పందెం మొదలైంది. దాంతోపాటే రంగులొచ్చాయి. బాత్రూము టైల్సుకి మ్యాచింగ్‌గా గులాబీ, నీలం, పసుపు. ఆపైన సెంటు. మింగ్ రాజుగారి భోగం ఇంటింటికీ వచ్చింది. 1969లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో "టాయిలెట్ పేపర్ డెర్మటైటిస్" అనే పేరుతో ఒక వ్యాసం వచ్చింది. ఈ జబ్బుకి ఒక పేరంటూ అప్పుడు వచ్చిందన్నమాట. 2010లో కెనడా ఫ్యామిలీ డాక్టర్ల పత్రికలో మరో కేసు వచ్చింది. దీర్ఘకాలంగా ఒక మహిళకి తగ్గని మంటకి టాయిలెట్ పేపరు కారణమా అన్నది అందులో ప్రశ్న. అనుమానం ఫార్మాల్డిహైడ్ మీద.

ఇక్కడ ఓ చిన్న టెక్నికల్ విషయం చెప్పాలి. చర్మం మంటలో రెండు రకాలున్నాయి. మొదటిది ఒరుపు వల్లో, ఘాటు రసాయనం వల్లో వచ్చే మంట. ఇది లోడ్ లాంటిది. ఎక్కువ రుద్దితే ఎవరికైనా వస్తుంది, మానేస్తే తగ్గుతుంది. రెండోది అలర్జీ. ఇది అందరికీ రాదు. మొదటిసారి వాడినప్పుడు ఏమీ కాదు. కొన్ని వారాలో, ఏళ్ళో వాడాక ఒంట్లోని రక్షకకణాలు ఆ పదార్థాన్ని శత్రువని గుర్తు రాసిపెట్టుకుంటాయి. ఇక అక్కడ్నుంచి చిటికెడు తగిలినా చాలు, ఒకటి రెండు రోజుల తర్వాత దురద, నీటిపొక్కులు. వెంటనే రాదు కాబట్టి దేనివల్ల వచ్చిందో మనకి తట్టదు. ఆ గుర్తు చెరిగేది దాదాపు లేదు. దీన్ని కనిపెట్టడానికి వీపు మీద అనుమానం ఉన్న పదార్థాల పట్టీలు 48 గంటలు అంటించి ఉంచుతారు. తీశాక ఒకసారి, రెండ్రోజులాగి ఇంకోసారి చూస్తారు. ఈ ప్యాచ్ టెస్ట్‌ని 1895లో జర్మన్ చర్మవైద్యుడు యోసెఫ్ యాడసోన్ మొదలుపెట్టాడు. మొదటి రకం మంట రెండో దానికి తలుపు తీస్తుంది. ఒరుసుకుపోయిన చర్మంలోంచి రసాయనాలు సులువుగా లోపలికి వెళ్తాయి మరి.

పొడి కాగితం గరుకు, సెంటు కాగితం అలర్జీ. దీనికి విరుగుడుగా వచ్చిందే తడి కాగితం, అదే వైప్స్. వినడానికి ఎంత బాగుంది! కానీ తడి గుడ్డని డబ్బాలో మూతపెట్టి నెలల తరబడి ఉంచితే ఏమవుతుంది? బూజు పడుతుంది. పట్టకుండా ఉండాలంటే ప్రిజర్వేటివ్ కలపాలి. 1980 ప్రాంతం నుంచి బాగా వాడుకలోకొచ్చింది రెండు ఐసోథయజోలినోన్ల మిశ్రమం. ఒకటి క్లోరిన్ ఉన్నది మూడు పాళ్ళు, క్లోరిన్ లేనిది ఒక పాలు. తడి టాయిలెట్ కాగితం వల్ల దీని అలర్జీ వస్తోందని నెదర్లాండ్స్ వైద్యులు 1991లోనే రాశారు. 2010లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులూ అదే హెచ్చరిక చేశారు.

ఈలోగా జరిగిన తమాషా చూడండి. ఆ మిశ్రమంలో ఎక్కువ అలర్జీ తెచ్చేది క్లోరిన్ ఉన్నదే, దాన్ని తీసేసి రెండోదాన్ని ఒంటరిగా వాడదాం అనుకున్నారు. ఆ రెండోదే మిథైల్ ఐసోథయజోలినోన్. అయితే అది క్రిముల్ని చంపడంలో బలహీనం, అందుకని ఎక్కువ వేయాలి. 2005లో యూరప్ దాన్ని సౌందర్య సాధనాల్లో 100 పీపీఎం దాకా అనుమతించింది. పాత మిశ్రమం పరిమితి 15 పీపీఎం. అందులో దీని వాటా నాలుగో వంతు, అంటే 4 పీపీఎం కూడా లేదు. లెక్క వేసుకోండి, 25 రెట్లకు పైగా పెరిగింది. ఒక బగ్గుని సరిచేద్దామని పక్క మాడ్యూల్ మీద 25 రెట్లు లోడు పెడితే మన రివ్యూలో ఎవరైనా ఒప్పుకుంటారా?

ఫలితం రావడానికి ఎక్కువకాలం పట్టలేదు. అలర్జీ కేసులు యూరప్ అంతటా పెరిగాయి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని 2013 సంవత్సరపు అలర్జీ కారకంగా ప్రకటించింది. 2014 మొదట్లో పీడియాట్రిక్స్ పత్రికలో ఆరుగురు పిల్లల కేసులు వచ్చాయి. మూతి చుట్టూ, పిర్రల మీద తగ్గని దద్దుర్లు. వేరే జబ్బులనుకుని వైద్యం చేస్తూ వచ్చారు. వైప్స్ మానేయగానే తగ్గిపోయాయి. ఒంటిమీద ఉండిపోయే సాధనాల్లో దీన్ని వాడకూడదని యూరప్ 2016లో చట్టం చేసింది, 2017 నుంచి అమల్లోకి వచ్చింది. కడిగేసే వాటిలో పరిమితిని 15 పీపీఎంకి దించారు. చాలా కంపెనీలు వైప్స్‌లోంచి దాన్ని తీసేశాయి. షాంపూలు, గిన్నెల సబ్బులు, పెయింట్లలో మాత్రం ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

అంటే ఆ 2014 వేసవిలో నేను తెలివైనవాణ్ణనుకుని డబ్బా పట్టుకొచ్చేనాటికి వైద్య పత్రికల్లో ఈ సంగతి ఉంది. నాకు తెలియదు, మా ఫ్యామిలీ డాక్టరుకీ తట్టలేదు. తట్టేలా మేం చెప్పనూ లేదు. "ఏం వాడుతున్నారు" అని అడిగినప్పుడు నేనే పక్కనుంచి సబ్బు పేరు చెప్పి ఊరుకున్నాను. అమ్మ ముందు ఆ ప్రస్తావన తేవడానికి నాకు సిగ్గు, నా ముందు మాట్లాడటానికి ఆవిడకి సిగ్గు. ఇంట్లో ఆవిడ చేస్తున్నది సర్వర్ పడిపోతే క్లయింటు మళ్ళీ మళ్ళీ రిట్రై చేసినట్టు. మంట పుట్టేకొద్దీ ఇంకో వైప్, వైప్ వాడేకొద్దీ ఇంకా మంట.

ఇదంతా చదివి "చూశారా, మన నీళ్ళే గొప్ప" అని జబ్బలు చరుచుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాస్త ఆగండి. మన ధర్మశాస్త్రాలు ఉత్త నీళ్ళతో సరిపెట్టలేదు, మట్టి కూడా వాడమన్నాయి. ఏ భాగానికి ఎన్నిసార్లో మనుస్మృతిలో లెక్క ఉంది. మట్టి మాత్రం ఒరుసుకోదా? ఈ రోజుల్లో మట్టి పోయి డెటాల్ వచ్చింది. సబ్బుతో, డెటాల్‌తో తోమి తోమి దురద తెచ్చుకుని చర్మం డాక్టరు దగ్గరికెళ్ళేవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. జపాన్ సంగతి చూడండి. అక్కడ టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ అనే నీళ్ళు చిమ్మే సీటు తెచ్చింది. దాని మూలం 1960లలో అమెరికాలో తయారైన ఒక సీటు. ఆర్నాల్డ్ కోహెన్ అనే ఆయన జబ్బుతో బాధపడుతున్న తన తండ్రికోసం చేశాడు. చూశారా, కాగితం మందుగా మొదలైంది, కాగితం దేశంలో నీళ్ళు కూడా మందుగానే మళ్ళీ వచ్చాయి. తీరా జపాన్ డాక్టర్లు ఇప్పుడేమంటున్నారంటే, ఆ నీటిధారని గట్టిగా, ఎక్కువసేపు, అస్తమానం వాడితే కూడా దురదొస్తోందని! చర్మం మీద సహజంగా ఉండే నూనె పొర కొట్టుకుపోతుంది మరి.

కాబట్టి మా అమ్మకి డాక్టరు చెప్పింది చాలా సాదా విషయం. ఉత్త నీళ్ళు, మెల్లగా. సబ్బు వద్దు. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. కొన్నాళ్ళు ఓ క్రీము, తర్వాత పైన వాజలిన్. పేపరు తప్పదంటే రంగూ సెంటూ లేనిది, నీళ్ళతో తడుపుకుని. నేను ఆ శనివారమే సింకు కింద పైపుకి బిగించుకునే చేతి స్ప్రే కొన్నాను. మన దగ్గర హెల్త్ ఫాసెట్ అంటామే, అదే. బిగించడానికి నాకు అరగంట పట్టింది. రెండు వారాల్లో అమ్మకి మంట తగ్గింది. నెలకి మళ్ళీ వాకింగ్ మొదలెట్టింది.

2020 మార్చిలో అమెరికా షాపుల్లో టాయిలెట్ పేపరు ఖాళీ అయిపోయినప్పుడు, మా టీము కాల్‌లో అందరూ దానిమీద జోకులేసుకుంటుంటే, నేను మొదటిసారి ధైర్యం చేసి "నేను చాన్నాళ్ళ క్రితమే నీళ్ళకి మారాను" అన్నాను. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత ముగ్గురు విడిగా మెసేజ్ పెట్టారు, లింకు పంపమని. అందులో ఒకాయన తనకి కొన్నేళ్ళుగా దురద ఉందనీ, భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదనీ రాశాడు. సిగ్గు మన ఒక్కరి సొత్తు కాదన్నమాట.

చివరగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ నవంబరులో అమ్మ తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుతున్నాను. అడుగున, పాత చీరలో చుట్టి ఏదో గట్టిగా తగిలింది. విప్పితే స్టీలు చెంబు. ఇంటినుంచి తెచ్చుకుంది. వచ్చిన మర్నాడు "చెంబు లేదేంటి" అని అడిగింది, నాదగ్గర ఉంది తీసుకోనా అని చెప్పడానికే. నేను నవ్వి క్లాసు పీకేసరికి మళ్ళీ చీరలో చుట్టి అడుగున పెట్టేసింది. "మరి అప్పుడే చెప్పొచ్చుగా అమ్మా" అన్నాను. "నీకు నామోషీగా ఉంటుందేమో అనుకున్నారా" అంది.

ఆ కుర్రాడికి నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. లిస్టులో మిగిలిపోయిన ముక్క చెప్పాను. మీకూ అదే చెబుతున్నా. అమ్మానాన్నలు వస్తున్నారంటే ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందే బాత్రూములో ఓ మగ్గు పెట్టండి, కుదిరితే చేతి స్ప్రే బిగించండి. డాక్టరు ఏం వాడుతున్నారని అడిగితే సబ్బు పేరుతో ఆపేయకండి, అన్నీ చెప్పండి. ముఖ్యంగా "వేడి చేసింది" అని వాళ్ళంటే మజ్జిగిచ్చి ఊరుకోకండి. పక్కన కూర్చుని, ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడగండి. మొదట సిగ్గుపడాల్సి వస్తే ఆ సిగ్గేదో మనమే పడదాం.